కొండపల్లి జంతువుల బొమ్మల పెట్టె: ఒక కొమ్ము ఎక్కువైంది

మనవరాలి పుట్టినరోజుకని విజయవాడలోని ఒక హస్తకళల దుకాణంలో, అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల పేరిట అమ్ముతున్న కొండపల్లి బొమ్మల పెట్టెను 1,400 రూపాయలకు కొన్నాను. అందులో పెద్దపులి, ఏనుగు, ఖడ్గమృగం, సింహం ఉన్నాయి; ఏది ఎక్కడ బతుకుతుందో చెప్పే కాగితం కూడా ఒకటి పెట్టారు.

పనితనానికి వంక పెట్టలేను. తెల్లపొణికి కర్రతో మొండెం చెక్కి, కాళ్లూ తోకా విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు; అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. పులిని వెనక్కి తిప్పి చూస్తే, నల్లటి చెవుల వెనుక అసలు పులికి ఉండే తెల్లమచ్చలను కూడా సన్నని కుంచెతో దిద్ది ఉన్నాయి. ఏనుగుకు ఆఫ్రికా ఏనుగులా చేటంత చెవులు పెట్టకుండా, మన ఏనుగుకు తగినట్టు చిన్న చెవులు, నెత్తిన రెండు ఉబ్బులు పెట్టారు.

ఇంత చూసిన చేయి ఖడ్గమృగం దగ్గర ఎందుకు తప్పిందో తెలియదు. కాగితంలో కాజీరంగా అని రాసి, బొమ్మకు రెండు కొమ్ములు పెట్టారు. 2022 గణనలో కాజీరంగాలో 2,613గా తేలిన ఆ జాతికి ఉండేది ఒకటే కొమ్ము. అదీ ఎముక కాదు, మన గోళ్లలో ఉండే కెరటినే. ఆ కొమ్ము కోసమే వేటగాళ్లు దాన్ని చంపుతున్నప్పుడు, కొమ్ముల లెక్క తప్పడాన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేకపోయాను.

కాగితం మరీ నాసిరకం. నాలుగింటికీ "దట్టమైన అడవి" అన్న ఒకే మాట రాశారు. ఖడ్గమృగానికి కావలసింది బ్రహ్మపుత్ర వరద ముంచి తీసిన నేలలో మనిషిని మించి పెరిగే గడ్డి, పొర్లడానికి బురదగుంటలు. సింహం ఉండే గిర్ చూస్తే ఎండాకాలంలో ఆకు రాల్చే టేకు అడవి, ముళ్లపొదలు. మన పల్నాడు దాకా విస్తరించిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం వైశాల్యంలో దేశంలోనే పెద్దది కాగా, విజయవాడలో అమ్మే పెట్టెలో నల్లమల పేరైనా లేదు.

ధర ఎక్కువనను. తెల్లపొణికి దొరకడమే కష్టమవుతోందని కొండపల్లి కళాకారులు ఎంతోకాలంగా మొరపెట్టుకుంటున్నారు.

మార్చి ఇవ్వమంటే దుకాణంలో, "బొమ్మే కదా మాస్టారూ, పిల్లలకేం తెలుస్తుంది" అన్నారు. ఇంటికొచ్చి పెట్టె తెరవగానే మనవరాలు, "తాతయ్యా, దీనికి ఒక్క కొమ్మే ఉండాలిగా" అంది. వెనుక కొమ్మును గరుకు కాగితంతో అరగదీసి, రంగు కింద బయటపడ్డ తెల్లటి కర్ర మీద బూడిదరంగు పూసి, కిటికీలో ఆరబెట్టాను.