పటానికి గాజు మేలా, యాక్రిలిక్ మేలా?

మా నాయనమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటోకు కొత్త ఫ్రేము కట్టిద్దామని పాతది విప్పితే, ఫోటో గాజును వదల్లేదు. ఏళ్ల తరబడి గాలిలోని తేమకు కాగితం మీది జెలటిన్ పూత మెత్తబడి గాజుకు అతుక్కుపోయింది. ఒక మూల లాగేసరికి తాతయ్య పంచె అంచు గాజు మీదే ఉండిపోయింది. అక్కడితో ఆపేశాం.

అందుకే ఫ్రేములు కట్టే దుకాణంలో "గాజు వేయమంటారా, యాక్రిలిక్ వేయమంటారా?" అని అడిగితే, ఏది వేసినా ఫోటోకు తగలకుండా వేయమనడం నాకు అలవాటయింది. యాక్రిలిక్ అంటే గాజులా కనిపించే పారదర్శక ప్లాస్టిక్. ఫోటో చుట్టూ దళసరి అట్టతో మౌంట్ వేయిస్తే మధ్యలో కాస్త సందు మిగులుతుంది. యాక్రిలిక్ అయితే అంటుకోదని కొందరు ధీమాగా చెబుతారు. తేమ చేరితే దానికీ అంటుకుంటుంది.

దుకాణదారులు ముందుగా చెప్పేది స్పష్టత గురించి. మామూలు గాజును అంచు నుంచి చూస్తే ఆకుపచ్చగా ఉంటుంది. అందులోని ఇనుము వల్ల వచ్చే రంగు అది. యాక్రిలిక్‌లో ఆ పచ్చదనం ఉండదు, పడిన వెలుతురులో 92 శాతం దాకా దాటిపోతుంది. అయినా గోడకు వేలాడే 3 మిల్లీమీటర్ల పలకలో ఆ తేడాను నా కళ్లయితే పట్టలేవు. దీని కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

బరువు సంగతి వేరు. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు 4 కిలోలు దాటుతుంది. అంతే యాక్రిలిక్ పలక సుమారు 2 కిలోలే. పెద్ద కలంకారీ వస్త్రాన్ని సోఫా వెనుక గోడకు వేలాడదీసేవారికి, హాలునే క్రికెట్ మైదానం చేసుకున్న పిల్లలున్నవారికి, చేర్యాల బొమ్మను అమెరికాలోని కూతురికి సామానులో పెట్టి పంపేవారికి నేను యాక్రిలికే చెబుతాను. పగిలినా అది గాజులా పెంకులై చెదరదు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల పైకప్పులకు వాడింది ఈ పదార్థాన్నే. దాని ముక్కలు గుచ్చుకున్నా పైలట్ల కళ్లు తట్టుకున్నాయని గమనించిన హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు, 1949లో లండన్‌లో తొలిసారిగా కంట్లో అమర్చిన కృత్రిమ కటకాన్ని కూడా దీనితోనే చేయించాడు.

పూజగదిలోకి మాత్రం దీన్ని రానివ్వకండి. మన ఇళ్లలో దేవుడి పటం ఊరికే చూసే బొమ్మ కాదు. గంధం రాస్తాం, కుంకుమ బొట్టు పెడతాం, శుక్రవారం తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెడతాం. యాక్రిలిక్ మెత్తనిది. ఎండిన గంధం పొడి గుడ్డ కింద నలిగితే చాలు, సన్నని గీతలు పడతాయి. ఏడాది తిరిగేసరికి వేంకటేశ్వర స్వామి మంచు తెర వెనుక నిలబడ్డట్టు ఉంటాడు. అంతకంటే పెద్ద భయం నిప్పుతో. సుమారు 100 డిగ్రీల దగ్గర యాక్రిలిక్ మెత్తబడుతుంది, మంట తగిలితే అంటుకుని కాలుతుంది. కింద దీపం, ఎదుట కర్పూర హారతి ఉండే చోట గాజుకు పోటీ లేదు.

బొగ్గుతోనో పాస్టెల్‌తోనో గీసిన బొమ్మలకూ గాజే మంచిది. యాక్రిలిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుంది. గాలిలోని దుమ్మునే కాదు, కాగితం మీది రంగు పొడిని కూడా లాక్కుంటుంది. ఇక గాజు తుడిచే అమోనియా ద్రవాలు, స్పిరిట్ వంటివి యాక్రిలిక్ మీద చల్లితే వెంట్రుకల్లాంటి నెర్రెలు వస్తాయి. సబ్బు కలిపిన నీళ్లు, మెత్తని నూలుగుడ్డ చాలు.

ఎండకు బొమ్మ వెలిసిపోవడం దగ్గర రెండూ దొందూ దొందే. అతినీలలోహిత కిరణాలను ఆపే ప్రత్యేక పలకలు రెండింటిలోనూ దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. కిటికీకి ఎదురుగా వేలాడదీయకపోవడం ఖర్చు లేని పని.

యాక్రిలిక్ ఎంచుకున్నాక పనిలో జరిగే పొరపాటు ఒకటుంది. గాజుకు అలవాటుపడ్డ చేయి పలకను ఫ్రేములో బిగుతుగా కూర్చుతుంది. వేడి 20 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవున్న యాక్రిలిక్ దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. గాజు 0.2 మిల్లీమీటర్లు కూడా సాగదు. సాగడానికి చోటు లేక, మే నెలలో పలక బొజ్జ కట్టినట్టు ముందుకు ఉబ్బుతుంది. అందుకని చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు వదలమనండి. ఫ్రేము లేకుండా నాలుగు మూలలా స్క్రూలతో గోడకు బిగించేటప్పుడు కూడా రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి.

యాక్రిలిక్‌ను ఇంట్లోనే కోసుకోవడం కష్టం కాదు. పలకకు రెండువైపులా అంటించి ఉన్న రక్షణ పొరను తీయకుండా, స్కేలు ఆనించి, ప్లాస్టిక్ కోసే కొక్కెం కత్తితో ఒకే గీత మీద ఏడెనిమిది సార్లు గీసి, బల్ల అంచున పెట్టి నొక్కితే విరుగుతుంది. రంపం వేగంగా ఆడిస్తే వేడికి కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. చౌకగా వస్తున్న పలక మీద అనుమానం ఉంటే తునకను ఆరుబయట కాల్చి చూడండి. నల్లని మసి తీగలు తీగలుగా లేస్తే అది యాక్రిలిక్ కాదు, పాలీస్టైరీన్ అనే వేరే ప్లాస్టిక్. ఆరేడేళ్లు ఆగకుండానే పసుపెక్కి పెళుసుబారే రకం.

ఫోటోను నేరుగా యాక్రిలిక్ వెనుక జిగురుతో అంటించే పద్ధతి ఇప్పుడు బాగా నడుస్తోంది. రంగులు అద్భుతంగా లేస్తాయి, ఒప్పుకోవాలి. కానీ ఒకసారి అంటిస్తే మళ్లీ విడదీయడమంటూ ఉండదు. ఇంకో ప్రతి తీసుకోగల ఫోటోకు తప్ప ఆ పని చేయకూడదు.

మా పెళ్లి ఫోటోను గాజుతో సహా స్కాన్ చేయించాం. అసలుది ఆ గాజుతోనే నూలుగుడ్డలో చుట్టి బీరువాలో ఉంది. యాక్రిలిక్‌కు అంటించిన నకలు హాల్లో వేలాడుతోంది. తద్దినం నాడు దాని ముందు దీపం పెట్టేటప్పుడు అమ్మ రెండడుగులు ఇవతలగా పెడుతుంది.