రూబీ కొండల్లో విల్లుతో పన్నెండు రోజులు: ఎక్కడ పడుకున్నాం, ఎక్కడ కూర్చున్నాం

మే నెలాఖరులో నెవాడా రాష్ట్రం వేట అనుమతులకి తీసే లాటరీ, అంటే డ్రా, ఫలితం వచ్చింది. డ్రాలో పేరు రానివాళ్లకి ఇచ్చే బోనస్ పాయింట్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకుంటూ వచ్చాక ఈసారి విల్లు వేటకి మ్యూల్ డీర్ (పెద్ద చెవుల దుప్పి) ట్యాగ్, అంటే ఒకదాన్ని వేటాడే అనుమతి, తగిలింది. 101 నుంచి 109 దాకా యూనిట్లు (వేట ప్రాంతాలు). అంటే ఎల్కో ఊరి చుట్టుపక్కల రూబీ కొండలు, ఈస్ట్ హంబోల్ట్ కొండలు, వాటి కింది మెట్టలు. సీజన్ ఆగస్టు 10న మొదలు. నేనుండేది సాల్ట్ లేక్ సిటీ దగ్గర. ఆ కొండల్ని ఐ-80 హైవే మీద పోతూ కారు అద్దంలోంచి చూడటమే తప్ప అక్కడ ఒక్క వాగు పేరు కూడా నాకు తెలియదు.

వేట అనగానే మనవాళ్లు ఉలిక్కిపడతారు, అది సహజం. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో అది నేరం. ఇక్కడ పద్ధతి వేరు. ఏటా మందల్ని లెక్కగట్టి, ఏ యూనిట్‌లో ఎన్ని ట్యాగులివ్వాలో తేలుస్తారు. లైసెన్సుల డబ్బు, 1937 చట్టం కింద తుపాకుల మీద, తర్వాత విల్లుల మీద కూడా వేసిన పన్ను డబ్బు రాష్ట్ర వన్యప్రాణి శాఖలకే చేరతాయి. నాది కాంపౌండ్ విల్లు, అంటే కొనల్లో కప్పీలున్నది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఇలాంటి విల్లుతోనే. ఆమె చదునైన మైదానంలో 50 మీటర్ల దూరంలో ఉన్న గురికి వేస్తుంది. కొండవాలు మీద, గాలి ఎటు తిరుగుతుందో తెలియని చోట, ప్రాణమున్న జంతువు మీద నేను 40 గజాలు దాటి వెయ్యకూడదని ముందే అనుకున్నాను.

ఈ పన్నెండు రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. కొత్త నేల మీద ఎంత నడిచామన్నదానికంటే ఎక్కడ కూర్చున్నామన్నది ముఖ్యం. పడుకునే చోటు కూడా కూర్చునే చోటుని బట్టే ఎంచుకోవాలి. నేను దీన్ని తిరగేసి చేశాను. ముందు పడక చూసుకుని, అక్కణ్ణుంచి వేటకి బయల్దేరాను. వేటలో నాలుగు రోజులు దానికే పోయాయి.

జూలై ఆఖరు వారంలో మూడు రోజులు రెక్కీకి వెళ్లాను. మొదటి మజిలీ ఏంజెల్ లేక్. వెల్స్ ఊరి నుంచి పన్నెండు మైళ్లు, చివరి దాకా తారు రోడ్డే. ఎనిమిది వేల అడుగులు దాటిన ఎత్తులో, మూడు వైపులా రాతిగోడల మధ్య చెరువు. దాని పక్కనే అటవీ శాఖ క్యాంపు. రాత్రి చల్లగా హాయిగా నిద్ర పడుతుంది. పల్లం నుంచి వచ్చినవాడికి ఊపిరి అలవాటు కావడానికి ఒక రాత్రి ఉండటం మంచిదే. వేటకి మాత్రం దాన్ని మకాం చేసుకోవద్దు. రోడ్డు చివరి దాకా కారు వెళ్తోందంటే అందరి కార్లూ వెళ్తున్నట్టే. తెల్లవారుజామున నేను గట్టెక్కేసరికి అప్పటికే ముగ్గురు అదే గట్టు మీద బైనాక్యులర్లు పెట్టుకుని కూర్చున్నారు. కింద మెట్టలకి పోదామంటే మ్యాపు చదరంగం బల్లలా ఉంది. 1860ల్లో రైలు కంపెనీకి మైలు విడిచి మైలు భూమి ఇచ్చారు కాబట్టి హైవే పొడుగునా ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. ఏ భూమి ఎవరిదో చూపే ఓనెక్స్ మ్యాపు ఫోన్‌లో లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు. కంచె స్తంభానికి నారింజ రంగు పూసి ఉంటే అక్కడితో ఆగిపోవాలి.

రెండో మజిలీ లమోయిల్ లోయ. ఎల్కో నుంచి ఇరవై మైళ్లు పోతే లమోయిల్ ఊరు, అక్కణ్ణుంచి లోయలోకి పన్నెండు మైళ్ల రోడ్డు. హిమానీనదం చెక్కిన లోయ అది, రెండు గోడల మధ్య తొట్టిలా ఉంటుంది. థామస్ కాన్యన్ క్యాంపు వాగు ఒడ్డునే ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలి. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు చుట్టుపక్కల లేదు. మా ఆవిడని తీసుకురావాలని అక్కడే అనుకున్నాను. కానీ తొట్టి అడుగున కూర్చుంటే ఎదురుగోడ తప్ప ఇంకేమీ కనబడదు. పొద్దున్నే ఐలాండ్ లేక్ బాటలో నడిచేవాళ్ల మాటలు పైదాకా వినిపిస్తుంటాయి. వయసు మీరిన మగ దుప్పి ఆ సందడిలో ఉండదు.

అయినా ఆ లోయలో నాకొకటి దక్కింది. ఉదయం పైనెక్కడో రాళ్లలోంచి సన్నగా, పొడుగ్గా ఈల వినిపించింది. అది హిమాలయన్ స్నోకాక్. 1960ల్లో పాకిస్తాన్‌లోని హుంజా వైపు నుంచి తెచ్చి ఇక్కడ వదిలితే ఈ కొండల్లో నిలదొక్కుకుంది. మన మంచుకొండల పక్షి అమెరికా ఎడారి మధ్యలో ఈలవేస్తుంటే విల్లు కింద పెట్టి చాలాసేపు విన్నాను.

రెక్కీకి ముందు నేను డబ్బు పెట్టిన ఒక సేవ గురించి చెప్పాలి. పేరు రాయను. మీ యూనిట్ చెబితే దుప్పులుండే చోట్లకి మ్యాపులో పిన్నులు పెట్టి పంపుతామన్నారు. వచ్చిన పిన్నుల్లో సగం లమోయిల్ లోయలో 2018లో కాలిపోయిన వాలు మీదే ఉన్నాయి. అక్కడ దట్టమైన చెట్లుంటాయని రాశారు. నేను వెళ్లి చూస్తే మోడులూ, వాటి మధ్య గడ్డీ. ఆ డబ్బు దండగ. దానికి బదులు ఎల్కోలో ఉన్న నెవాడా వన్యప్రాణి శాఖ తూర్పు ప్రాంత కార్యాలయానికి ఫోన్ చేశాను. బయాలజిస్టు ఇరవై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడారు. ఫలానా చోటికి పొమ్మని చెప్పలేదు. ఆగస్టులో మగవి గుంపుగా ఎత్తుల్లో తిరుగుతాయనీ, మధ్యాహ్నం మౌంటెన్ మహాగని పొదల నీడపట్టున పడుకుంటాయనీ, రోడ్డుకి రెండు మైళ్లు దాటితే మనుషులు పలచబడతారనీ చెప్పారు. పైసా ఖర్చు లేదు. కొత్తగా వెళ్లేవాళ్లు మొదట చెయ్యాల్సిన ఫోన్ ఇదే.

జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరాల మీద ఆశపెట్టుకోవద్దు. నెవాడాలో ఆగస్టు మొదటి తేదీ నుంచి డిసెంబరు ఆఖరు దాకా ప్రభుత్వ భూముల్లో వాటిని పెట్టకూడదు. అలాగే నీటి గుంటకి వంద గజాల లోపు గుడారం వేసి జంతువుల దారికి అడ్డం పడకూడదు, అదీ చట్టమే. ఎండిన నేలలో ఊట ఎన్ని ప్రాణాలకి ఆధారమో ఒక సాయంత్రం దూరం నుంచి చూస్తే ఆ నిబంధన ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

రెక్కీ మూడో రోజు దక్షిణానికి, హారిసన్ కనుమ వైపు వెళ్లాను. జిగ్స్ దాటాక కంకర రోడ్డు. తారు రోడ్డు లేదు, చెరువు లేదు, ఫొటోలు తీసుకునేవాళ్లు లేరు. కనుమకి ఉత్తరంగా రెండు గంటలు ఎక్కితే ఒక రాతి ముక్కు ఉంది. దాని మీద కూర్చుంటే ఒకేచోటి నుంచి నాలుగు వాలులు, వాటి మధ్య మహాగని పొదలు, అక్కడక్కడా ఆస్పెన్ చెట్ల గుంపులు, అన్నీ అరచేతిలో పెట్టినట్టు కనబడ్డాయి. ఆ సాయంత్రం ట్రైపాడ్ మీద 15 రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్ పెట్టి గంటన్నర చూశాను. ఏడు మగవి. అందులో రెండు ముదురువి. కొమ్ములు చూసి వయసు చెబితే పొరపాటు పడతాం. ఒళ్లు చూడాలి. లేతది కాళ్లు పొడుగ్గా, పొట్ట లోపలికి ఉంటుంది. ముదురుది ఛాతీ దిగబడి, పొట్ట వేలాడి, కాళ్లు పొట్టిగా కనిపిస్తుంది. ముక్కు దూలం లావెక్కి ఉంటుంది. నడకలో తొందరుండదు. మిగిలినవి మైదానంలోకొచ్చి మేస్తుంటే ఆ రెండూ పొద చివరే నిలబడి, చీకటి పడేదాకా బయటికి రాలేదు.

అంతా చూసి కూడా ఆగస్టులో నేను చేసిన పని ఎల్కోలో మోటల్ గది తీసుకోవడం. స్నానం, ఫ్రిజ్, వేడి భోజనం ఉంటాయనుకున్నాను. బోయిసీ నుంచి మా బావమరిది మోతకి సాయం వచ్చాడు. తనకి ట్యాగ్ లేదు, విల్లూ లేదు. రోజూ రెండున్నరకి లేచి, కారులో పోయి, చీకట్లో రెండు గంటలు ఎక్కి రాతి ముక్కు చేరేసరికి తూర్పు తెల్లబడి, దుప్పులు అప్పటికే పొదల్లోకి పోతుండేవి. ఒక రోజు దగ్గరవుతుందని సౌత్ ఫోర్క్ స్టేట్ పార్కుకి మారాం. అక్కడ షవర్లున్నాయి, శుభ్రంగా ఉంటుంది, జలాశయం గాలి బాగుంటుంది. కానీ మధ్యాహ్నం ఎండకి గుడారంలో ఉండలేం, పైగా తెల్లారేసరికి కొండ మీదకి చేరడం మళ్లీ అదే తంటా. నాలుగో రాత్రి వాడే అన్నాడు: "బావా, మనం నిద్ర కోసం వచ్చామా, దుప్పి కోసం వచ్చామా? ఆ రాయి పక్కనే పడుకుందాం పద."

వేట అయిదో రోజు మూడు రాత్రులకి సరిపడా సామాను వీపున కట్టుకుని పైకెక్కాం. రాతి ముక్కుకి వెనక వాలులో, నీటికి దూరంగా చిన్న గుడారం వేశాం. మనిషికి అయిదు లీటర్ల నీళ్లు, అటుకులు, వేరుశనగ ఉండలు, పులిహోర పొడి కలిపి చల్లనీళ్లలో నానబెట్టుకున్న అన్నం. పొయ్యి వెలిగించలేదు. ఆ మూడు రాత్రులూ మొత్తం యాత్రలో నేను బాగా నిద్రపోయిన రాత్రులు. కళ్లు తెరిచిన పది నిమిషాల్లో బైనాక్యులర్ ముందు ఉన్నాం.

దిగి వచ్చిన ఒక పూట సంగతి మధ్యలో చెప్పేస్తాను. ఆరో రోజు రాళ్ల మీద జారి విల్లు రాయికి తగిలింది, దాని మీద గురిచూసే సైట్ కదిలింది. అదే రోజు ఎల్కోకి దిగితే విల్లుల దుకాణంలో ఒకాయన చేతిలో పనులన్నీ పక్కనపెట్టి అరగంటలో సరిచేసి, వెనక గురిబల్ల మీద ఇరవై, ముప్పై, నలభై గజాలకి వేయించి చూసిగానీ పంపలేదు. రాత్రికి స్టార్ హోటల్లో తిన్నాం. 1910 నాటి బాస్క్ భోజనశాల అది, స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి గొర్రెల కాపరులుగా వచ్చిన బాస్క్ వాళ్లది. సూపు, సలాడ్, బీన్స్ గిన్నెలతో బల్ల మీద పెట్టి అందరూ వడ్డించుకుంటారు. మన బంతిభోజనంలా అనిపించింది. కడుపునిండా తిని చీకట్లోనే మళ్లీ కొండెక్కాం.

ఎనిమిదో రోజు. ఆరుకి కాస్త ముందు సూర్యోదయం. జూలైలో చూసిన రెండింటిలో పెద్దది ఆ వారమంతా కనబడనే లేదు. రెండోది మాత్రం ఇంకో చిన్నదానితో కలిసి వచ్చి, ఎనిమిదింటికి ఎదురువాలులో ఒక మహాగని పొద కింద పడుకుంది. దాన్నక్కడే వదిలేసి కూర్చున్నాం. పొద్దున కొండగాలి కిందికి దిగుతుంది, ఎండ బాగా తగిలాక పైకి లేస్తుంది. ఆ మార్పు జరిగే గంటలో వెళితే మన వాసన ఎటైనా తిరగొచ్చు. పదిన్నర దాకా ఆగి, గాలి నిలకడగా పైకి లేస్తోందని పొడి చల్లి చూసుకుని, దానికి పైనుంచి దిగడం మొదలుపెట్టాను. బావమరిది రాతి ముక్కు మీదే ఉండి, దుప్పి లేస్తే టోపీ తీస్తానన్నాడు.

చివరి నూట యాభై గజాలకి రెండు గంటలు పట్టింది. బూట్లు విప్పేసి మందపాటి మేజోళ్లతో నడిచాను. ప్రతి అడుగూ ముందు వేళ్లతో నేలని తడిమి, ఎండాకు లేదని తెలిశాకే బరువు మోపాలి. పొదలోంచి మొదట కనబడింది చెవి. కంచరగాడిద చెవంత పెద్దది, లోపల బూడిదరంగు వెంట్రుకలు, అంచున ఒక చీలిక. ఈగ వాలినప్పుడల్లా అది ఒక్కటే కదులుతోంది. దాని వెనక కొమ్ము. ఎదిగే కొమ్ముని కప్పి ఉండే నూగు చర్మం, వెల్వెట్, ఇంకా ఊడలేదు, ఎండలో దాని నూగు అంచు బంగారు గీతలా మెరుస్తోంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ 41 గజాలంది, వాలు లెక్కవేసి 36కి వెయ్యమంది. పడుకున్నదాని మీద వెయ్యలేదు. నలభై నిమిషాలు మోకాళ్ల మీదే ఉన్నాను. నీడ జరిగింది. అది లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకి తిరిగి నిలబడింది.

బాణం ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయింది. దుప్పి డెబ్బై గజాలు పోయి పడింది. అయినా గంటసేపు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాక దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. దవడ తెరిచి చూస్తే వెనక పళ్లు అరిగి నున్నబడి ఉన్నాయి. ముదురుదే.

ట్యాగ్ రాసి కట్టాక అసలు పని మొదలైంది. ఆగస్టు ఎండలో మాంసానికి వేడే శత్రువు. చర్మం వెంటనే తీసేసి, నాలుగు కాళ్లూ వీపు మాంసమూ గుడ్డసంచుల్లో వేసి, ఉత్తరపు నీడలో కొమ్మలకి వేలాడదీశాం. పొడిగాలికి గంటలోనే పైన పొర గట్టిపడింది. చీకటి పడ్డాక ఇద్దరం రెండు విడతలుగా దించాం. ఊళ్లో ఒక మాంసం దుకాణం వాళ్లు ఫోన్‌లో తీసుకుంటామని చెప్పి, తెల్లారి వెళ్తే కుదరదు పొమ్మన్నారు. అందుకే ఐస్ పెట్టెలు రెండు మీవి మీరే తెచ్చుకోండి, ఎవరినీ నమ్ముకోవద్దు. మోటల్ వాళ్లు మాత్రం మంచివాళ్లు, ఐస్ యంత్రం నుంచి ఎంత కావాలంటే అంత పట్టుకోనిచ్చారు.

మళ్లీ ట్యాగ్ వస్తే మొదటి రాత్రి ఏంజెల్ లేక్‌లో, మిగిలినవన్నీ ఆ రాయి వెనకే. సామాను పైకి చేర్చడానికి గుర్రాలున్నవాళ్లకి డబ్బిస్తాను. ఆ ఒక్క ఖర్చూ ఈసారి పెట్టనందుకు బాధపడుతున్నాను.

తిరుగుదారిలో యూటా సరిహద్దున వెండోవర్ దగ్గర టైమ్ జోన్ మారి గడియారం గంట ముందుకి జరిగింది. పెట్టెల్లో కరిగిన నీళ్లు వంచేసి మళ్లీ ఐస్ నింపుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. ధనియాలు, మిరియాలు వేయించి పెట్టానంది, వచ్చేసరికి ఎంతవుతుందని అడిగింది. రెండు గంటల్లో వచ్చేస్తామన్నాను.