రెండో చుట్టులోనే వచ్చిన ముక్తాయింపు: ఒక సీక్వెన్సర్‌తో మూడేళ్ళు

సీక్వెన్సర్ అంటే మనం ముందే పేర్చిపెట్టిన దెబ్బల్ని చుట్టు మీద చుట్టు వాయించే పెట్టె. ఈ పెట్టెకి ఎన్ని ట్రాకులు, ఎన్ని అవుట్‌లు అనేది కొనే ముందు అందరూ చూసుకునేదే, అవి నేను చెప్పను. దాని పేరు కూడా చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నేను కావలి, నెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన, కోలాటం బృందాలకి కీబోర్డు, రిథమ్ వాయిస్తాను. నాకు కావాల్సింది ఒక్కటే, మెషీన్ వాయించినట్టు వినపడకూడదు.

ఆ విషయంలో మొదటి ఏడాది దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. తిస్ర నడకలో (ఒక్కో బీటుకి మూడు స్టెప్పులు, స్టెప్పు అంటే దెబ్బ పెట్టుకునే గడి) 12 స్టెప్పుల డోలక్ ప్యాటర్న్ వేసి, దాని వెలాసిటీని, అంటే దెబ్బ ఎంత గట్టిగా పడాలన్నదాన్ని, కదిలించే వరసని మాత్రం 5 స్టెప్పులకే ముగించాను. రెండూ కలిసి మొదటికి రావాలంటే 60 స్టెప్పులు, అంటే అయిదు చుట్లు తిరగాలి. నిమిషానికి 110 బీట్ల టెంపోలో దాదాపు పదకొండు సెకన్లు. అప్పటిదాకా దెబ్బలు అవే, ఊనికలు మాత్రం ప్రతి చుట్టులో వేరు. డోలక్ ఎవరు వాయిస్తున్నారని స్టేజీ వెనక్కి వచ్చి చూసినవాళ్ళున్నారు.

దానికి తోడు షరతులు, అంటే ఏ దెబ్బ ఎన్నో చుట్టులో మోగాలో ముందే చెప్పిపెట్టడం. ఏ దెబ్బకైనా 4:4 అని పెడితే మూడు చుట్లు ఊరుకుని నాలుగో చుట్టులోనే మోగుతుంది. పల్లవి నాలుగుసార్లు తిరిగి, నాలుగోదాని చివర ముక్తాయింపు (ముగింపు దెబ్బల వరస), దాని మీద పిల్లకాయలు గిర్రున తిరిగి అడుగు మార్చడం. రిహార్సల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పట్లో అడిగినవాళ్ళందరికీ కళ్ళు మూసుకుని కొనమని చెప్పాను.

తర్వాత ఒక వినాయక చవితి నిమజ్జనం రాత్రి వచ్చింది. ట్రాక్టర్ కదలాలని జనం తొందర చేస్తుంటే, భజన నడిపించే గురువు పల్లవి రెండుసార్లకే ఆపి చరణం ఎత్తుకున్నాడు. నేనూ చరణం ప్యాటర్న్‌కి మారాను. మళ్ళీ పల్లవికి వచ్చాం. పెట్టె మాత్రం లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టలేదు, పాత రెండూ గుర్తు పెట్టుకుని మూడు అనుకుంది. దాంతో రెండో చుట్టులోనే ముక్తాయింపు వాయించేసింది. విన్నవాళ్ళు విన్నట్టు తిరిగారు, మనసులో లెక్క పెట్టుకునేవాళ్ళు తిరగలేదు. ఎదురెదురుగా వచ్చి చెక్కలు చెక్కలు కొట్టుకున్నాయి, ఒక పిల్లవాడి వేలు కమిలింది. గురువు మైకు పక్కన పెట్టి, "ఏంది అబ్బయా, మేము తిరగకముందే నీ పెట్టె తిరిగిందే?" అన్నాడు. జనం నవ్వారు. నాకు మాత్రం ఇంటికొచ్చేదాకా నోట మాట రాలేదు.

మెషీన్ చెడిపోయిందనుకున్నాను. కాదు, దాన్ని అలాగే తయారు చేశారు. స్టాప్ కొడితే తప్ప లెక్క సున్నాకి రాదు. ఇంట్లో కూర్చుని ట్రాకులు చేసేవాడికి ఇదొక సమస్యే కాదు. కానీ మా దగ్గర లెక్క మొదలయ్యేది గురువు పల్లవి ఎత్తుకున్న చోట. ప్లే బటన్ నొక్కిన చోట కాదు.

తర్వాతొచ్చిన అప్‌డేట్‌లో ప్యాటర్న్ మారగానే లెక్క మొదటికొచ్చే సెట్టింగ్ ఇచ్చారు. సంతోషపడి ఆన్ చేశాను. అదొచ్చి ఆ 5 స్టెప్పుల వరసని కూడా మొదటికి లాగేసింది. పల్లవికి వచ్చిన ప్రతిసారీ అవే ఊనికలు, మళ్ళీ మెషీన్ వాసన. రెండింటికీ ఒకటే స్విచ్ పెట్టాలని ఎవరికి తోచిందో! షరతుల లెక్క ప్యాటర్న్‌తో మొదలవ్వాలి, ఊనికల వరస దాని దారిన అది తిరుగుతూ ఉండాలి. రెండు స్విచ్‌లు ఇస్తే సరిపోయేది.

ఇప్పుడు ఆ సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంచుతున్నాను. ముక్తాయింపుని 4:4 నుంచి తీసేసి, ఫిల్ బటన్ పట్టుకుంటేనే మోగేలా మార్చాను. గురువు చెయ్యి పైకి లేవగానే నా వేలు బటన్ మీద పడుతుంది. అంటే ఏ ఫీచర్ చూసి కొన్నానో దాని పని నేనే చేస్తున్నాను. 4:4 లాంటివి గజ్జెల సవ్వడికి, ఎప్పుడో ఒకసారి వచ్చే గంటకి వాడుకుంటున్నాను. అవి ముందొచ్చినా వెనకొచ్చినా ఎవరి వేలూ నలగదు.

కొనమంటానా? పాట మధ్యలో మనసు మార్చుకునే గురువు లేకపోతే, కొనుక్కోవచ్చు. ఆ ఊనికల వరస ఒక్కదాని కోసమే నేను దీన్ని అమ్మలేకపోతున్నాను. ఒంగోలులో ఆర్కెస్ట్రా నడిపే మిత్రుడు కొంటానంటుంటే, ముందు నాది తీసుకెళ్ళి పది రోజులు వాడి చూడమన్నాను. శ్రీరామనవమి లోపల తెచ్చివ్వాలని కూడా చెప్పాను.