రాణిగంజ్ తాళ్ల షాపు, మూరింగ్ లైన్ సామాను కోసం
సముద్రం లేని హైదరాబాద్‌లో మూరింగ్ తాడు (బోటు కొట్టుకుపోకుండా కట్టే తాడు) ఎక్కడ దొరుకుతది అనుకునేవాళ్లు రాణిగంజ్‌కి పోండి. వైజాగ్ వైపు మునిగిన ఓడ దగ్గర డైవర్ల కోసం లైన్ వెయ్యాలని నేను అక్కడ ఒక చిన్న షాపులో మొత్తం సామాను తీసుకున్నా. పోగానే పెద్దాయన అడిగిన మొదటి మాట "నీళ్లల్ల మునగాల్నా, తేలాల్నా?" ఆ ఒక్క ప్రశ్నకే నమ్మకం కుదిరింది. నైలాన్ మునుగుతది, సాగుతది కూడా, అలకి బోటు గుంజితే ఆ దెబ్బ తాడే తీసుకుంటది, పాలీప్రొపిలీన్ చవకే కానీ పైకి తేలి బోటు ఫ్యాన్‌కి చుట్టుకునే ప్రమాదం, పైగా ఎండకి తొందరగా పెళుసైపోతది.

ముడేస్తే తాడు బలం బాగా తగ్గుతదని ఆయనే థింబుల్ (తాడు అరగకుండా లోపల పెట్టే గట్టి రింగు) చుట్టూ ఐ స్ప్లైస్ (ముడి లేకుండా తాడు చివరని తాడులోకే అల్లి చేసే కన్ను) అల్లిచ్చాడు. మూడు పేటలు విప్పి, ఒక్కోదాన్ని తాడు పేట కింద దూర్చి లాగి, మళ్లీ దూర్చి, ఐదు వరసలు, చివర్లు కాల్చి చాకు వెనకతో నొక్కాడు. ఎంత లాగినా కదల్లేదు!

ఒక్క మైనస్, షాకిల్స్‌లో (పిన్నుతో బిగించే U ఆకారం కొక్కేలు) స్టెయిన్‌లెస్‌వి, గాల్వనైజ్డ్‌వి (జింక్ పూత ఉన్నవి) ఒకే డబ్బాలో కలిపేశారు, చూసి ఏరుకోండి, ఉప్పునీళ్లలో రెండూ కలిపి బిగిస్తే జింక్ పూత తొందరగా పోతది. పిన్ను ఊడకుండా వైరు కట్టడం మర్చిపోవద్దు. ఇంకోటి, ఓడకి తాడు నేరుగా కట్టకండి, తుప్పు అంచు కోసేస్తది, రైలింగ్‌కి కాకుండా గట్టి భాగానికి చైన్ చుట్టి దానికి తగిలించండి.

పార్కింగ్ మాత్రం కష్టం, పొద్దున్నే పోండి.