అండమాన్‌లో పగడాలు చూడాలంటే ఎక్కడ దిగాలి?

మా నల్లగొండ నుంచి వేసవి సెలవులకు అండమాన్ వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. అందరూ హోటళ్ల సంగతే అడుగుతారు. నేను మాత్రం ముందు పగడాల సంగతి చెప్తాను.

శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానం, అక్కడి నుంచి హేవ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఫెర్రీ. సర్కారు ఫెర్రీ చవక, టికెట్లే దొరకవు. ప్రైవేటుది ముందే బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి నార్త్ బేలో జనం మరీ ఎక్కువ. నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్) భరత్‌పూర్ బీచ్ దగ్గర అడుగున అద్దం ఉన్న పడవలుంటాయి. ఈత రాని పెద్దవాళ్లకు అవే నయం, కానీ మా పడవ అద్దం గీతలు పడి మసకబారింది. పెట్టిన డబ్బులకు తృప్తి దొరికింది హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లోనే.

అక్కడ మాకు దొరికిన బోటాయన తెలుగువాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమట. స్నార్కెలింగ్‌కు (కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లపై తేలుతూ చూడటం) దింపుతూ, "కాళ్లు కింద ఆనించకండి సార్, పగడం విరిగిపోద్ది" అని గట్టిగా చెప్పాడు. నీళ్లలో తల పెట్టగానే చిటపటమని సన్నటి చప్పుడు. ఒక చిలుక చేప రాయిని కొరుకుతుంటే ఆ శబ్దం కూడా వినిపించింది. దాని పక్కనే కొమ్మలు కొమ్మలుగా పెరిగిన పగడం. ఒక వైపంతా గోధుమ రంగు, రెండో వైపు సున్నం కొట్టినట్టు తెలుపు.

"చచ్చిపోయిందా మామా?" అంది మా అక్క కూతురు. ఇంకా లేదు. పగడం అంటే బతికున్న చిన్న జీవుల గుంపు. దాని లోపల ఉండే సూక్ష్మమైన నాచు దానికి రంగూ ఇస్తుంది, తిండీ పెడుతుంది. నీళ్లు మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016లో అండమాన్ పగడాలు ఇలాగే పెద్ద ఎత్తున తెల్లబారాయి. ప్రపంచమంతా నాలుగోసారి తెల్లబారుతున్నాయని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. పరిశ్రమలు రాకముందు కన్నా భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే దాదాపు అన్నీ పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2018లోనే చెప్పింది. మా పిల్ల తన పిల్లల్ని తీసుకెళ్లేనాటికి అక్కడ ఏం మిగులుతుందోనని నాకు నిజంగా భయంగా ఉంది.

పక్క బోటులో ఒక గైడ్ ఫోటో కోసం టూరిస్టును పగడం మీదే నిలబెట్టాడు. అలాంటివాళ్లకు డబ్బులివ్వకండి. సన్‌స్క్రీన్ పగడాలకు మంచిది కాదంటారు, అది పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

బసకు హేవ్‌లాక్‌లోనే విజయనగర్ బీచ్ వైపు గుడిసెలు బాగున్నాయి, ఏసీ లేకపోయినా గాలి ఆడుతుంది. చేపల కూర, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి, పప్పు కావాలంటే పొద్దున్నే చెప్పి ఉంచాలి. మేలో మాత్రం వద్దు. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి.