ఇంట్లో మ్యాటా, క్లబ్‌లో గ్రీనా: పటింగ్ బాగుపడాలంటే ఏది మేలు?

వైజాగ్‌లో గోల్ఫ్ మొదలుపెట్టి కొంతకాలం అయినవాళ్ళలో చాలామంది ఒక చోటికొచ్చి ఆగిపోతారు. దూరం కొట్టే డ్రైవర్ కాస్త కుదురుతుంది, మధ్య దూరాల ఐరన్లు ఫరవాలేదనిపిస్తాయి, దగ్గర నుంచి చిన్నగా లేపే చిప్పింగ్ ఏదోలా నెట్టుకొస్తారు, స్కోరు, అంటే మొత్తం దెబ్బల లెక్క మాత్రం వంద దగ్గరే తిరుగుతుంటుంది. గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బే పట్. కారణం స్కోరు కార్డు చూస్తే తెలిసిపోతుంది: ఇక్కడ మూడు పట్లు, అక్కడ మూడు పట్లు, ఆ తర్వాత హోల్‌లో మళ్ళీ మూడు. అప్పుడు మొదలవుతుంది ఆలోచన. ఆన్‌లైన్‌లో ఒక పటింగ్ మ్యాట్ తెప్పించి హాల్లో పరుచుకుంటే సరిపోతుందా, లేక పొద్దున్నే లేచి ముడసర్లోవ దాకా వెళ్ళి ఈస్ట్ పాయింట్ క్లబ్ ప్రాక్టీస్ గ్రీన్ మీదే కొట్టాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. రెండిట్లో ఒక్కటే అంటే గ్రీనే. మ్యాట్ పనికిరాదని కాదు. దాని పని చాలా చిన్నది, కానీ ఆ చిన్న పనిని గ్రీన్ కంటే బాగా చేస్తుంది. ఏది దేనికో తెలుసుకోకుండా నెలల తరబడి హాల్లో బంతులు దొర్లించి, ఆదివారం కోర్సు మీదికొచ్చి "ఇంట్లో అన్నీ పడుతున్నాయి, ఇక్కడేంటి ఇలా అవుతోంది" అని దిగులుపడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళు కష్టపడట్లేదని కాదు, కష్టం వేరే చోట పెడుతున్నారు.

ముందు కొంచెం లెక్క చూద్దాం. పార్ 72 కోర్సు అంటే 18 హోల్స్‌ని 72 దెబ్బల్లో ముగించాలన్న లెక్క, అందులో ఒక్కో గ్రీన్‌కి రెండు పట్ల చొప్పున 36 పట్లు, అంటే సరిగ్గా సగం ఆట. ఇక అమెరికాలో ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ ఆటగాళ్ళని తీసుకుంటే, 8 అడుగుల నుంచి కొట్టినవాటిలో దాదాపు సగమే పడతాయి. 10 అడుగులకి నలభై శాతం, 20 అడుగులకి పదిహేను శాతం దగ్గర. సుమారు 33 అడుగులు దాటాక వాళ్ళకి కూడా సగటున రెండు పట్ల కంటే ఎక్కువే పడుతుంది. రోజంతా ఇదే పనిగా బతికేవాళ్ళ సంగతి ఇది. కాబట్టి వారానికోసారి ఆడే మనం 20 అడుగుల పట్ పడలేదని తల పట్టుకోవడంలో అర్థం లేదు. ఆ బంతి హోల్ పక్కన రెండడుగుల లోపల ఆగిందా, లేక ఆరడుగుల దూరంలో ఆగిందా అన్నదే అసలు ప్రశ్న. ఆరడుగుల దూరంలో ఆగితే రెండోది తప్పుతుంది, మూడోది కొడతాం. అంటే మూడు పట్లకి విత్తనం మొదటి పట్‌లోనే పడింది, అదీ చాలావరకు దిశలో కాదు, స్పీడ్‌లో. అడ్డంగా ఆరడుగులు తప్పేవాళ్ళు అరుదు, ముందుకో వెనక్కో ఆరడుగులు తప్పేవాళ్ళం మాత్రం అందరం ఉన్నాం.

ఇప్పుడు మ్యాట్ సంగతి. హోల్ వ్యాసం 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకి రెండు అంగుళాల పైన కొంచెం. 10 అడుగుల పట్‌లో బంతి బయల్దేరే దిశ ఒక్క డిగ్రీ పక్కకి పోతే, హోల్ దగ్గరికి వెళ్ళేసరికి రెండు అంగుళాల పైచిలుకు పక్కకి చేరుతుంది. అంటే ఒక్క డిగ్రీ తేడాతో బంతి అంచుని పట్టుకుని వేలాడుతుంది. అదే 5 అడుగులైతే అంగుళం తేడా, హాయిగా పడిపోతుంది. బంతి ఎటు బయల్దేరుతుందనేది ఎక్కువ భాగం తగిలే క్షణంలో పటర్ (పట్ కొట్టే కర్ర) ముఖం ఎటు చూస్తోందన్న దాన్నిబట్టే ఉంటుంది, చేతులు ఊగే దారి పాత్ర దానికంటే చాలా తక్కువ. ఈ ముఖం సంగతి తేల్చుకోవడానికి మ్యాట్‌ని మించింది లేదు. చదునుగా ఉంటుంది, వాలు లేదు, గాలి లేదు, బంతి పక్కకి పోయిందంటే తప్పు మన ముఖానిదే, ఇంక దేని మీదా నెట్టడానికి వీల్లేదు. గ్రీన్ మీద అలా కాదు, బంతి ఎడమకి పోతే మనం లాగామా, వాలు చదవడంలో తప్పామా, గడ్డి తిప్పిందా అని ఎటూ తేలదు.

దీనికి చేయాల్సిందల్లా బంతికి ముందు అడుగున్నర దూరంలో రెండు వస్తువులు గేటులా పెట్టడం. బంతి నిలబెట్టే చిన్న పుల్లలు, అంటే టీలు, మ్యాట్‌లోకి దిగవు కాబట్టి రెండు పాత బ్యాటరీలు చాలు. మధ్యలో బంతి కంటే కొంచెం వెడల్పు ఉంచాలి, బంతి 1.68 అంగుళాలు కాబట్టి మొదట్లో రెండున్నర అంగుళాల సందు, కుదిరేకొద్దీ తగ్గించుకోవడం. హోల్‌లో పడిందా లేదా చూడక్కర్లేదు, గేటు తగలకుండా దాటితే చాలు. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు, అంతే. గంటసేపు చేస్తే నడుము నొప్పి తప్ప ఏమీ రాదు.

మ్యాట్ ఇబ్బంది ఎక్కడంటే, అది ఎప్పుడూ ఒకటే దూరం, ఒకటే వేగం. చేతికి ఆ ఒక్క దెబ్బే అలవాటైపోతుంది. పైగా బంతి వెనక్కి తిరిగొచ్చే మ్యాట్లు ఉంటాయి చూడండి, చివర చిన్న ఎత్తు, ఆ ఎత్తు మీద హోల్. వాటి మీద బంతి ఎక్కాలంటే కొంచెం గట్టిగా కొట్టాలి, రోజూ అలాగే కొట్టి కొట్టి కోర్సు మీద కిందికి వాలిన పట్ వచ్చినప్పుడు బంతి గ్రీన్ దాటి పోతుంది. కొనేటట్టయితే చదునుగా, కనీసం పది అడుగులుండే మామూలు మ్యాట్ కొనండి, ఎత్తు ఉన్నది వద్దు. కొత్తగా వచ్చిన మ్యాట్ చుట్ట మడతలతో అలలు అలలుగా ఉంటుంది. తిరగేసి మేడ మీద కాసేపు ఎండలో వేస్తే మన ఊరి ఎండకి సర్దుకుంటుంది.

మరి గ్రీన్ ఏమిస్తుంది? నిజమైన గడ్డి, నిజమైన వాలు, రోజుకో వేగం. గ్రీన్ వేగాన్ని కొలవడానికి స్టింప్‌మీటర్ అనే సాధనం ఉంది. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ 1935లో తయారుచేశాడు. గాడి ఉన్న ఒక పట్టీ మీద బంతి పెట్టి నెమ్మదిగా పైకెత్తితే దాదాపు 20 డిగ్రీల దగ్గర అది జారి దొర్లుతుంది, ఎన్ని అడుగులు దొర్లితే అంత వేగం. చాలా మ్యాట్లు ఈ లెక్కలో పది, పదకొండు వేగంతో వస్తాయి. వానాకాలంలో తడిసి మెత్తబడిన గ్రీన్ దానికి దరిదాపుల్లో ఉండదు. డిసెంబర్, జనవరి పొద్దుల్లో మంచు పడి ఉన్నప్పుడు బంతి వెనకాల తడి చార కనిపిస్తూ నెమ్మదిగా పోతుంది. అదే గ్రీన్ తొమ్మిదింటికి ఆరాక వేరే గ్రీన్. ఈ మార్పుకి తగ్గట్టు చెయ్యి సర్దుకోవడాన్ని మ్యాట్ జన్మలో నేర్పలేదు.

ఇంకోటి గడ్డి వాలు, దాన్నే గ్రెయిన్ అంటారు. మనలాంటి వేడి ప్రాంతాల్లో గ్రీన్స్ మీద ఎక్కువగా బెర్ముడా జాతి గడ్డి ఉంటుంది, అది నిలువుగా కాకుండా ఒక పక్కకి వాలి పెరుగుతుంది. బంతి వెనకాల నిలబడి చూసినప్పుడు గడ్డి మెరుస్తూ లేత రంగులో కనిపిస్తే వాలు హోల్ వైపున్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురుగా, మెరుపు లేకుండా కనిపిస్తే గడ్డి మనకి ఎదురుగా ఉన్నట్టు, ఇంకాస్త గట్టిగా కొట్టాలి. మన బ్యాగు మోసే క్యాడీలు దీన్ని నడుస్తూనే చదివేస్తారు. "అటేపు వాలుంది సార్, గడ్డి ఇటుంది, గట్టిగా కొట్టండి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు, ఆ ముక్క వినడం అలవాటు చేసుకుంటే చాలు, సగం పుస్తకాలు చదవక్కర్లేదు. సముద్రం పక్క ఊళ్ళలో బంతి ఎప్పుడూ సముద్రం వైపే తిరుగుతుందని ఒక మాట ఉంది. దాన్ని గుడ్డిగా నమ్మకండి. నేల మొత్తం మీద నీళ్ళు పారే దిక్కుకి వాలి ఉండొచ్చు, కొండ పక్కనున్న గ్రీన్ కొండ నుంచి కిందికి వాలొచ్చు, కానీ ఆ గ్రీన్ కట్టినప్పుడు పెట్టిన వాలు ఆ గ్రీన్‌దే. గ్రీన్ కింది వైపు నుంచి ఒకసారి చూడండి, వాలు అక్కడ నుంచే బాగా కనిపిస్తుంది.

గ్రీన్ మీద సాధన ఎలా చేయాలంటే, అసలు హోలే వద్దు. ఒక టీ 15 అడుగుల దగ్గర, ఒకటి 25, ఒకటి 35 దగ్గర గుచ్చి, ఒక్కో బంతీ ఒక్కోదాని దగ్గరికి, ఏ రెండూ వరసగా ఒకటే దూరం కాకుండా కొట్టండి. ఊపు సరిచూసుకునేటప్పుడు చూపు బంతి మీద కాకుండా ఆపాల్సిన చోటు మీద పెట్టండి. పక్కవాడికి బంతి విసిరి అందించేటప్పుడు ఎవరూ అడుగులు లెక్కపెట్టరు, వాడిని చూసి విసురుతారు, చెయ్యే సర్దుకుంటుంది. ఇదీ అంతే. ఒకే చోట నుంచి నాలుగు బంతులు వరసగా కొట్టడం నాకు నచ్చదు, ఎందుకంటే మొదటిది చూసి రెండోది సర్దుకుంటాం, ఆటలో రెండోది ఉండదు.

హోల్‌కి దగ్గర పట్లలో స్పీడ్ ఎంత ఉండాలన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి. అంచుకొచ్చి చచ్చి పడాలని కొందరు, గట్టిగా కొట్టి వెనక గోడకి తగిలించాలని కొందరు. నాసాలో పనిచేసి తర్వాత పటింగ్ మీద పరిశోధనలోకి దిగిన డేవ్ పెల్జ్, బంతి తప్పితే హోల్ దాటి 17 అంగుళాలు పోయేంత వేగం మంచిదని చెప్పాడు. ఎదురు గ్రెయిన్ ఉన్నప్పుడు, మధ్యాహ్నం దాటి కాలి గుర్తులు పడిన గ్రీన్ మీద, ఆ పద్ధతి నాకు సరైందనిపిస్తుంది, చచ్చి పడే బంతిని ప్రతి చిన్న గతుకూ పక్కకి తోస్తుంది. కిందికి వాలున్నప్పుడు మాత్రం నెమ్మదే మేలు. వేగం పెరిగేకొద్దీ హోల్ చిన్నదైపోతుంది, మధ్యలోకి వస్తే తప్ప పట్టుకోదు. ఇది కూడా మ్యాట్ మీద అర్థం కాదు. గతుకుల మాట వచ్చింది కాబట్టి, 2019 నుంచి మారిన రూల్స్ ప్రకారం గ్రీన్ మీద బూటు ముల్లు గుర్తులు కూడా పట్ కొట్టే ముందు సరిచేసుకోవచ్చు. వానాకాలంలో అయితే తప్పకుండా చేయండి, మన తర్వాత వచ్చేవాళ్ళకీ మేలు.

ఇంతా చెప్పాక, అందరికీ గ్రీన్ అందుబాటులో ఉంటుందా అంటే ఉండదు. అరిలోవ, విశాలాక్షి నగర్, ఎంవీపీ కాలనీ వాళ్ళకి పొద్దున్నే ఒక చక్కర్ కొట్టి రావడం తేలిక. గాజువాక నుంచి ఎన్ఏడీ, హనుమంతువాక దాటుకుని రావాలంటే వారం మధ్యలో ఆఫీసు ఉన్నవాళ్ళ వల్ల కాదు. మెంబర్‌షిప్ లేనివాళ్ళ సంగతి సరేసరి. వీళ్ళకి నేను చెప్పేది ఏంటంటే, వారమంతా మ్యాట్ మీద గేటు, ఆడే రోజు మాత్రం టీ టైమ్‌కి, అంటే ఆట మొదలయ్యే టైమ్‌కి, అరగంట ముందే చేరుకుని ఆ అరగంట దూరం కొట్టడం సాధన చేసే రేంజ్‌లో డ్రైవర్ మీద కాకుండా ప్రాక్టీస్ గ్రీన్ మీద పెట్టండి. అదీ పొడవు పట్లు మాత్రమే. ఆ రోజు గ్రీన్ వేగం చేతికి ఎక్కుతుంది, మొదటి మూడు హోల్స్ పాడైపోవు. వాన పట్టి కోర్సు మూసేసిన రోజుల్లో, తుఫాను హెచ్చరికలున్న అక్టోబర్, నవంబర్ వారాల్లో కూడా మ్యాట్ ఉంటే చెయ్యి తప్పిపోకుండా ఉంటుంది.

ఇక మూడో దారి, కొత్త పటర్ కొనడం. దీని గురించి ఎక్కువ చెప్పను. మ్యాలెట్ రకం పటర్‌కి ఉండే పెద్ద తల వల్ల మధ్యలో తగలకపోయినా అంత ఘోరంగా పోదు, సన్నటి తలుండే బ్లేడ్ రకం చేతికి ఎక్కువ తెలుస్తుంది, రెండిటితోనూ బాగా ఆడేవాళ్ళున్నారు. మార్చేముందు పొడవు చూసుకోండి, కళ్ళు బంతికి సరిగ్గా పైన గానీ కొంచెం లోపలికి గానీ వస్తున్నాయా అని. చాలామంది చేతుల్లో పటర్ ఒకటి రెండు అంగుళాలు పొడుగు. పొడవాటి పటర్‌ని పొట్టకో ఛాతీకో ఆనించి కొట్టే పద్ధతి 2016 జనవరి నుంచి నిషేధం, కాబట్టి పాత వీడియోలు చూసి దాని జోలికి పోవద్దు.

బలం లేదని, వయసైపోయిందని వెనకాడేవాళ్ళకి అదితి అశోక్‌ని గుర్తుచేస్తాను. టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవ్ దూరంలో చాలామంది కంటే వెనకున్నా, పటింగ్ బలంతో చివరి రోజు దాకా పతకం పోటీలో నిలిచి నాలుగో స్థానంలో ముగించింది. పటింగ్‌కి భుజబలం అక్కర్లేదు, అరవై ఏళ్ళాయనకీ పన్నెండేళ్ళ పిల్లకీ ఒకటే.

మీ విషయంలో ఏది మేలో ఇంకా తేలకపోతే, వచ్చే రెండు మూడు రౌండ్లు కార్డు మీద స్కోరు పక్కన ఒక అక్షరం రాసుకోండి. మొదటి పట్ తక్కువై ఆగితే 'త', దాటిపోతే 'దా', ఆరడుగుల లోపల పట్ పక్కకి పోతే 'ప'. 'త', 'దా' ఎక్కువుంటే మ్యాట్ డబ్బులు దాచుకుని గ్రీన్‌కి వెళ్ళండి. 'ప'లే ఎక్కువుంటే హాల్లో సోఫా కాస్త జరిపి మ్యాట్ పరవండి, గేటు పెట్టండి, నెల తర్వాత మళ్ళీ రాసి చూడండి.