పాత ఐసీడీ పుస్తకంతో మూడేళ్ళ మెడికల్ కోడింగ్: నా రివ్యూ

2022 జనవరిలో అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సులో చేరాను. బీఎస్సీ మైక్రోబయాలజీ అయ్యి ఏడాది ఖాళీగా ఉన్నాను. మా కాలేజీ సీనియర్ అక్క "ప్రోగ్రామింగ్ కాదులేవే, అమెరికా డాక్టర్లు రాసింది చదివి జబ్బుకి కోడ్ వెయ్యడం, అంతే" అంది. ఆ "అంతే" నమ్మి బస్సెక్కాను. ఇప్పుడు రోజూ చార్టులే, అంటే పేషెంటు గురించి డాక్టర్లు రాసినవి చదవడమే, నా పని. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏం కొనాలి, ఎక్కడ చేరాలి అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒకసారి రాసి పెడదామనిపించింది. కోచింగ్ సెంటర్ పేరు చెప్పను, అడగొద్దు. నిజానికి ఈ రివ్యూ ఆ కోర్సు గురించి కన్నా నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న, జబ్బుల కోడ్స్ అన్నీ ఉండే పుస్తకం ఐసీడీ-10-సీఎం 2021 ఎడిషన్ గురించే. హాస్టల్ ఖాళీ చేసి వెళ్తున్న అమ్మాయి 900కి ఇచ్చింది. ఇటుకంత బరువు, ఉల్లిపొరలాంటి కాగితం, చీమల్లాంటి అక్షరాలు.

మొదటి వారం ఆ పుస్తకం మీద ఏడుపొచ్చింది. గుండెపోటు కోడ్ వెతకమన్నారు సార్. ఇండెక్స్‌లో 'హార్ట్' తీశాను. 'సీ కండిషన్' అని ఒక్క ముక్క ఉంది, ఇంకేం లేదు. జబ్బు పేరుతో వెతకాలి గానీ అవయవం పేరుతో కాదని అప్పుడు తెలిసింది. 'ఎటాక్' కింద 'హార్ట్' చూస్తే అది 'ఇన్‌ఫార్క్ట్, మయోకార్డియం' దగ్గరికి పొమ్మంది, అక్కడ ఐ21.9 దొరికింది. అక్కడితో అయిపోదు, ఆ నంబరు పట్టుకుని ట్యాబులర్ లిస్టుకి, అంటే పుస్తకంలో కోడ్స్ నంబర్ల వరుసలో ఉండే భాగానికి, వెళ్ళి దాని చుట్టూ ఉన్న నోట్స్ అన్నీ చదవాలి. ఇండెక్స్‌లో చూసి నేరుగా కోడ్ వేసేయడం అనే చెడ్డ అలవాటు మా బ్యాచ్‌లో సగం మందికి చివరిదాకా పోలేదు.

కోచింగ్‌లో ఏం చేశారంటే, తరచుగా వచ్చే కోడ్స్ అని నాలుగు పేజీల జిరాక్స్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు. బీపీకి ఐ10 (అప్పటిదాకా నాకు ఐ10 అంటే కారే), టైప్ 2 షుగర్‌కి ఈ11.9, న్యుమోనియాకి జె18.9. రెండు రోజుల్లో నోటికొచ్చేశాయి, నేనే తోపు అనుకున్నాను. మూడో వారం ప్రాక్టీసుకి ఒక చిన్న చార్టు ఇచ్చారు. 62 ఏళ్ళ మనిషి, దగ్గుతో క్లినిక్‌కి వచ్చాడు. టైప్ 2 షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు, బీపీ ఉంది, కిడ్నీ జబ్బు మూడో స్టేజి. కింద డాక్టరు 'రూల్ అవుట్ న్యుమోనియా' (న్యుమోనియా కాదని తేల్చుకోవాలి) అని రాసి ఎక్స్‌రేకి పంపాడు. ఇంతే చార్టు, పది లైన్లు కూడా లేదు. నేను నిమిషంలో నాలుగు కోడ్స్ రాసి పెన్ను మూసేశాను: ఈ11.9, ఐ10, ఎన్18.3, జె18.9.

నాలుగూ తప్పే.

షుగరూ కిడ్నీ జబ్బూ ఒకే మనిషికి ఉంటే, వేరే కారణమని డాక్టరు రాస్తే తప్ప, రెండిటికీ సంబంధం ఉన్నట్టే లెక్క, అందుకని ఈ11.22. బీపీకీ అంతే, కిడ్నీ జబ్బు తోడైతే ఐ10 పనికిరాదు, ఐ12.9 వెయ్యాలి. కిడ్నీ స్టేజికి ఇంకో కోడ్ వెయ్యమని ట్యాబులర్‌లో ఆ రెండు కోడ్స్ కిందా రాసే ఉంది. నేను వేసిన ఎన్18.3 అయితే 2020 అక్టోబరు నుంచి చెల్లదు, దాన్ని విడగొట్టారు, ఎన్18.30 అని నా పుస్తకంలో కనిపిస్తూనే ఉంది, జిరాక్స్‌లో మాత్రం పాతదే ఉంది. షుగరు బిళ్ళలకి జెడ్79.84 వేరే, అది నాకసలు తట్టనే లేదు. ఇక న్యుమోనియా. అవుట్‌పేషెంట్ చార్టులో 'అనుమానం', 'రూల్ అవుట్' అని ఉన్న జబ్బుని కోడ్ చెయ్యకూడదు, ఉన్న లక్షణమే వెయ్యాలి, అంటే దగ్గు. అదే మనిషి ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యి, డిశ్చార్జ్ అప్పుడు కూడా డాక్టరు 'ప్రాబబుల్ న్యుమోనియా' అనే రాస్తే, అప్పుడు న్యుమోనియా ఉన్నట్టే కోడ్ చేస్తారు. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి నెల పట్టింది.

సరే, దగ్గుకి పుస్తకం చూసి ఆర్05 రాశాను. అదీ తప్పన్నారు! ఈ కోడ్స్ ఏటా అక్టోబరు 1న మారతాయి, 2021 అక్టోబరులో దగ్గుని కూడా ముక్కలు చేశారు, ఆర్05.9 రాయాలి. నడుంనొప్పి ఎం54.5 కూడా అదే రోజు పోయింది, ఇప్పుడు ఎం54.50. 900 పెట్టి కొన్న పుస్తకం నా చేతికొచ్చేసరికే పాతబడిపోయింది. పుస్తకం మీద నా పెద్ద కంప్లైంట్ ఇదే. దానికి విరుగుడు, కొత్త ఏడాది కోడ్స్, గైడ్‌లైన్స్ రెండూ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గైడ్‌లైన్స్ ప్రింట్ తీయించి స్పైరల్ వేయించుకున్నాను. ఆ పుస్తకం, ఈ స్పైరల్ కలిపి చదివితే కోర్సు ఫీజులో సగం దండగే అనిపించింది. సగమే అంటున్నాను, ఎందుకంటే అనాటమీ సార్ చాలా బాగా చెప్పారు, అబద్ధం ఆడకూడదు. కానీ చేరేటప్పుడు చెప్పిన నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటే చివరికి ఒక వాట్సాప్ గ్రూపు, అందులో వాక్-ఇన్ అడ్రస్‌లు.

ఫ్రాక్చర్ల దగ్గర ఇంకో ముచ్చట. ఈ కోడ్స్ చివర వచ్చే ఏడో అక్షరం 'ఎ' అంటే మొదటిసారి రావడం అనుకున్నాను. కాదు, యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తున్నంతకాలం 'ఎ'నే, పేషెంటు పది సార్లు వచ్చినా సరే. మానుతున్న దశలో చెకప్‌కి వస్తే 'డి'. ఇది ఇంటర్వ్యూలో నన్ను అడిగారు కూడా.

సర్టిఫికేషన్ సంగతి: కోడర్లకి సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. పుస్తకాలు చూసి రాసుకోవచ్చు. చూసి రాసే పరీక్షకి మమ్మల్ని బట్టీ ఎందుకు పట్టించారో ఇప్పటికీ అర్థం కాదు. ఈ పరీక్షకి డాక్టర్లు చేసే చికిత్సల కోడ్స్ ఉండే సీపీటీ పుస్తకం కూడా కావాలి, అది వేరే ఖర్చు. ఐసీడీ కూడా దీనికి మాత్రం కొత్త ఎడిషనే కొన్నాను.

ఉద్యోగంలో చేరాక పుస్తకం ఊసే లేదు. ఫ్లోర్‌లోకి ఫోన్ కూడా తేనివ్వరు, పేషెంట్ల సమాచారం కదా. అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే, పదం కొడితే కోడ్స్ వచ్చేస్తాయి, కొన్నిసార్లు అదే ముందుగా కోడ్ చూపిస్తుంది కూడా. మొదట్లో హాయిగా అనిపించింది. తర్వాత గమనించాను, చార్టులో న్యుమోనియా అన్న మాట ఎక్కడ కనిపించినా అది జె18.9 తెచ్చి పెడుతుంది, ముందున్న 'రూల్ అవుట్' చూసుకోవాల్సింది మనమే. మాకు క్వాలిటీ 95 శాతం తగ్గకూడదు, రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ ఒకటి. ఆ టెన్షన్‌లో అది చూపించిందే ఓకే కొట్టేసిన ఫ్రెషర్ల ఆడిట్ రిపోర్టులు ఎర్రగా ఉండేవి. నాదీ మొదటి నెల అలాగే ఉంది. తర్వాత నన్ను కాపాడింది, ఆ చీమల అక్షరాల్లో నోట్స్ వెతుక్కుని చదివిన అలవాటే. స్క్రీన్ మీద కోడ్ ఒక్కటే కనిపిస్తుంది, పుస్తకంలో దాని పక్కిళ్ళు కూడా కనిపిస్తాయి.

కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒకటి రెండేళ్ళ పాత ఎడిషన్ తక్కువకి దొరికితే తీసుకోండి, నాలుగేళ్ళది అయితే కోడ్స్ కోసం ఉచితంగా ఇచ్చినా వద్దు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కొనేముందు ఒక పేజీ చదివి చూసుకోండి. నాది అట్ట ఊడిపోయింది, డయాబెటిస్ పేజీలకి సెల్లోటేప్ వేశాను. మా చిన్నాన్న కూతురు కోర్సులో చేరుతూ అది తనకిమ్మని అడుగుతోంది. వెతకడం ప్రాక్టీస్ చేసుకోవే, కోడ్ మాత్రం అందులోంచి ఒక్కటి కూడా రాయకు అని చెప్పి ఇచ్చేస్తున్నాను.